స్తంభం వెనక కుర్చీ

పళ్ళత్తకి హెర్నియా ఆపరేషన్ చేసిన సర్జనమ్మ, ఇంటికి పంపేముందు తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ ఓపిగ్గా చెప్పింది. బరువులు ఎత్తకూడదు. వంగి ఏదీ తీయకూడదు. దగ్గో తుమ్మో వచ్చేలా ఉంటే దిండు పొట్టకి అదిమిపెట్టుకోవాలి. పళ్ళత్త భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. రూలంటే రూలే ఆయనకి. అన్నీ శ్రద్ధగా విని, చివర్లో ఒక సందేహం అడిగాడు.

"మరి నవ్వొచ్చా అండీ?"

సరదాకి అంటున్నాడనుకుని సర్జనమ్మ తనే చిన్నగా నవ్వింది. ఇలా నవ్వితే పరవాలేదంది.

"ఈవిడకి ఇలా నవ్వడం రాదండి," అన్నాడాయన.

పక్కనున్న నర్సు అవునన్నట్టు తల ఊపింది. ఆపరేషనుకి ముందురోజు పళ్ళత్త వార్డులో నవ్వినప్పుడు, మందుల బండి తోసుకొస్తున్న ఈ నర్సే ఉలిక్కిపడి బండి వదిలేసింది. అది వెళ్ళి ఎదుటి మంచానికి గుద్దుకుంది. ఆ సంగతి విన్నాక సర్జనమ్మ మొహంలో నవ్వు పోయింది. కుట్లు గట్టిపడేదాకా నవ్వనేదే వద్దని చెప్పేసింది.

ఇంటికి వస్తుంటే దారిలో, సర్జనమ్మ మొహం మారిన తీరు గుర్తొచ్చి పళ్ళత్తకి నవ్వు తన్నుకొచ్చింది. భర్త ఓరకంట చూస్తున్నాడు. ఆమె దిండు అదుముకుని, బండి కిటికీలోంచి బయటికి చూస్తూ, తనవాళ్ళలో కాలం చేసినవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని తలుచుకుంది. ఇల్లు చేరేసరికి దగ్గరి చుట్టాలు అయిపోయి దూరపు చుట్టాల్లోకి వచ్చింది.

ఆమెకి ఆ పేరు చేసే పనినిబట్టి వచ్చింది. ఒక పళ్ళ డాక్టరు దగ్గర, క్లినిక్కు వెనక గదిలో కూర్చుని కట్టుడుపళ్ళ సెట్లు తయారు చేస్తుంది. డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టరు పోసి చిగుళ్ళు తీస్తుంది. వాటిమీద మైనం దిద్ది పళ్ళు నిలబెడుతుంది. పై పన్నూ కింది పన్నూ కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉన్నా నమిలేవాడికి తెలిసిపోతుంది. అందుకని రోజంతా గదిలో ఒక్క దీపం కింద, చిన్న ఆకురాయి పట్టుకుని, ఉన్నదాన్ని లేనట్టుగా అరగదీస్తూ ఉంటుంది. చుట్టూ అల్మరాల్లో ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ తెరుచుకుని చూస్తుంటాయి.

పళ్ళు నిలబెట్టాలంటే మనిషి నవ్వినప్పుడు పై పెదవి ఎంతవరకు లేస్తుందో తెలియాలి. మైనం మీద అక్కడ గీత గీస్తారు. నవ్వండి అని డాక్టరు అడిగితే, నోట్లో ఒక్క పన్నూ లేని మనిషి నవ్వడు. సిగ్గుపడి పెదాలు బిగిస్తాడు. అప్పుడు డాక్టరు వెనక గది తలుపు తట్టేవాడు. పళ్ళత్త వచ్చి మందుల అల్మరాకో, ఆ డాక్టరు ముక్కుకో కొలతలు తీస్తున్నట్టు ఏదో నటించి, ముందు తనే నవ్వేది. ఆ నవ్వు వింటే ఎదుటి మనిషి పెదవి దానంతటదే లేచేది. డాక్టరు గబుక్కున గీత గీసుకునేవాడు.

ఆ నవ్వు గురించి చెప్పాలి. ముందు గొంతులో, మూత పెట్టిన గిన్నెలో నీళ్ళు మరుగుతున్నట్టు గుడగుడమంటుంది. తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు. తెలియనివాళ్ళు అయిపోయిందనుకుంటారు. అప్పుడు మూత ఎగిరిపోతుంది.

చిన్నప్పుడు ఇంట్లో నాన్న ఏదైనా తమాషా కబురు మొదలుపెడితే, అమ్మ లేచి వీధి కిటికీ మూసేది. బళ్ళో ఆమె సగం చదువు వరండాలోనే సాగింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు, ఇంట్లో పసిపిల్లలున్నారు కాస్త చూసుకోమ్మా అనేది. ఆ పళ్ళ డాక్టరుకి తప్ప ఆమె నవ్వు ఎక్కడా ఎవరికీ అక్కరకి రాలేదు. ఆయన తర్వాత ఒక్క సినిమా హాలుకే వచ్చింది.

హాలు ఆ పేటలో పాతది. ఆదివారం పొద్దున పూట అందులో పాత నలుపుతెలుపు హాస్యచిత్రాలు వేసేవారు. వాటిలో కథంటూ పెద్దగా ఉండదు. ఒక పెద్ద బంగళానో పెద్ద ఆఫీసో ఉంటుంది. అందులో అందరూ ఇస్త్రీ బట్టలవాళ్ళు. అక్కడికి పనీపాటా లేని ముగ్గురో నలుగురో వచ్చి పడతారు. సినిమా అయ్యేసరికి ఆ ఇంట్లో నాలుగు కాళ్ళమీద నిలబడే కుర్చీ ఒక్కటి మిగలదు. వచ్చినవాళ్ళకి ఎవరిమీదా కోపం ఉండదు, ఏదీ దోచుకుపోరు. ఇదంతా ఇలా ఎందుకుండాలి అని అడిగినట్టుగా ఒక్కొక్కటీ విప్పి చూస్తారు, అంతే. వారమంతా వెంట్రుకవాసి తేడా రాకుండా పళ్ళు కలిపే పళ్ళత్తకి, ఆదివారం పూట ఏ రెండూ కలవని ఆ లోకం ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె నవ్వుకి ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. హాలు ఓనరు పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. బయటికి పంపేస్తాడనుకుని ఆమె చెప్పులు వెతుక్కుంది. ఆయన వంగి మెల్లగా అడిగాడు.

"అమ్మాయ్, వచ్చే ఆదివారం కూడా వస్తావా? టికెట్టు అక్కర్లేదు."

జనం మర్యాదస్తులనీ, పక్కవాడు నవ్వేదాకా ఆగుతారనీ, ఎవరో ఒకరు ముందు వెలిగించాలనీ పెద్దాయన సిద్ధాంతం. ఆ హాల్లో బాల్కనీని మోసే స్తంభాలు రెండున్నాయి. ఎడమవైపు స్తంభం వెనక కుర్చీలో కూర్చుంటే తెర ఎడమ చివర ఓ పావువంతు కనబడదు. దానికి టికెట్టు అమ్మితే కొన్నవాడు పోట్లాటకొచ్చేవాడు. ఆ కుర్చీని ఆయన పళ్ళత్తకి ఇచ్చాడు. స్తంభానికి తగిలి నీ నవ్వు హాలంతా పరుచుకుంటుంది అని కూడా అన్నాడు. అది నిజమో, తెర సరిగ్గా కనబడని కుర్చీ అంటగట్టినందుకు సముదాయింపో ఆయనకే తెలియాలి. పళ్ళత్త మాత్రం నమ్మింది. అప్పటినుంచి ఆదివారం పొద్దున్న ఆమెకి ఉద్యోగమే. జ్వరం వచ్చినా వెళ్ళేది. ఎక్కడ నవ్వు వస్తుందో ఆమెకి కంఠతా వచ్చు కనక, అందరికంటే ఓ రెప్పపాటు ముందే మొదలెట్టేది. వెనకే హాలు అందుకునేది. తను లేకపోతే ఈ జనం పళ్ళు లేనివాళ్ళలాగా పెదాలు బిగించుకు కూర్చుంటారని ఆమెకి గట్టి నమ్మకం.

అన్నిట్లోకీ ఆమెకి ప్రాణమైనది కొలతల సినిమా. దాని అసలు పేరు వేరు, హాల్లో అందరూ అనేది అదే. ముగ్గురు కొలతగాళ్ళు ఒక ఇల్లనుకుని ఇంకో ఇంటికి వెళతారు. ఒకడు పొడుగు, నోటికి తాళం ఉండదు. ఒకడు లావు, ఎవరేమన్నా ఔనంటాడు. మూడోవాడు పొట్టి, గోడకి తగిలినా క్షమించమంటాడు. ఆ రోజు ఆ ఇంట్లో నగరాధ్యక్షుడికి సన్మానం. వీళ్ళు టేపులు తీసి కొలవడం మొదలుపెడతారు. ఎక్కువున్నది కోస్తారు, తక్కువున్నదానికి అతికిస్తారు. బల్లల కాళ్ళు, పెద్దమనుషుల గడ్డాలు, కోట్ల తోకలు, చివరికి అధ్యక్షుడు చదవబోయే ఉపన్యాసం కూడా కొలిచి ఓ మూరెడు కత్తిరిస్తారు.

ఆ సినిమాలో ఒక్క చోటే పళ్ళత్తకి అంతుబట్టేది కాదు. కత్తిరించిన ఉపన్యాసాన్నే అధ్యక్షుడు చదువుతుంటాడు. మధ్యమధ్య అతిథుల్ని చూపిస్తారు. చూపించిన ప్రతిసారీ మనుషులు తగ్గుతుంటారు, ఆఖరికి గది ఖాళీ. ఉపన్యాసం భరించలేక లేచిపోయారన్నమాట. బాగానే ఉంది కానీ, కడుపుబ్బ నవ్వేంత ఏముంది? అయినా హాలు మాత్రం అన్నిచోట్లకంటే అక్కడే ఎక్కువ నవ్వేది. అంతకుముందు గడ్డాల సీనులో తను నవ్విన నవ్వు తాలూకు వేడే అది అని ఆమె సర్దిచెప్పుకుంది. పొయ్యి ఆపినా గిన్నె కాసేపు మరుగుతుంది కదా. బయటికొస్తూ జనం కిటికీ సీను, కిటికీ సీను అని చెప్పుకుంటుంటే, ఆఖర్లో ముగ్గురూ కిటికీలోంచి దూకి పారిపోయే సీను అనుకునేది.

పెద్దాయన పోయాక హాలు ఆయన కూతురి చేతికి వచ్చింది. ఆ పిల్ల చిన్నప్పుడు పళ్ళత్త ఒళ్ళోనే నిద్రపోయేది. అంత నవ్వులోనూ లేవని పిల్ల ఊరు మొత్తానికి ఇదొక్కతే అని పెద్దాయన మురిసిపోయేవాడు. ఆపరేషనయిన కొద్దిరోజులకి ఆమె పళ్ళత్తని చూడ్డానికి వచ్చి, చూడ్డం అయ్యాక అసలు సంగతి చెప్పింది. ఆదివారం పొద్దుటి ఆటకి జనం పలచబడ్డారు. ఒక కోచింగ్ సెంటరాయన ఆ పూట హాలు తమకిచ్చేయమని వెంటపడుతున్నాడు. ఈ ఆదివారం మనిషిని వెంటబెట్టుకుని చూడ్డానికి వస్తానన్నాడు.

"నువ్వేమన్నావే?" అంది పళ్ళత్త.

"ఇంకా ఏమీ అన్లేదత్తా. ఖాళీ కుర్చీలకి బొమ్మ వెయ్యాలంటే నాకూ మనసొప్పట్లేదు. ఈ ఆదివారం కొలతల సినిమా వేస్తున్నా. కాలేజీ పిల్లల్ని ఊరికే రమ్మన్నా. ఈ సినిమాలు వాళ్ళెప్పుడూ చూసుండరు. వాళ్ళు నవ్వితే ఉంచుతా. నవ్వకపోతే ఆయనకి ఇచ్చేస్తా."

ఆ తర్వాత మాట ఆమె అనలేదు. పళ్ళత్త ఒళ్ళో ఉన్న దిండు వైపు చూసి ఊరుకుంది. అననక్కర్లేకుండానే గదిలో ముగ్గురికీ వినబడింది.

"రాదు," అన్నాడు టైమ్‌కీపరు.

ఆ ఇంట్లో అప్పటికే నవ్వు మీద నిషేధం అమల్లో ఉంది. రేడియో అటకెక్కింది. ఎదురింటి వదినగారికి కబుర్లు చెప్పే అలవాటుంది కనక ఆవిడని గుమ్మం దగ్గరే పలకరించి పంపేస్తున్నాడు. తను ఏమైనా అంటే ఆమె నవ్వుతుందేమోనని తనే మాట్లాడ్డం తగ్గించేశాడు. ఆయన అంత గంభీరంగా కాఫీ గ్లాసు తెచ్చి పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోవడం చూస్తే పళ్ళత్తకి చచ్చేంత నవ్వొచ్చేది. మళ్ళీ చుట్టాల్ని తలుచుకోవలసి వచ్చేది.

ఓనరు కూతురు వెళ్ళాక ఆమె మెల్లగా కదిపింది. తను నవ్వదట. ఊరికే వెళ్ళి కూర్చుంటుందట.

"నువ్వు? ఊరికే?"

"ఏం, నా నోరు నా అదుపులో ఉండదా?"

"ముప్పై ఏళ్ళుగా లేదు," అన్నాడాయన.

పళ్ళత్త గోడవైపు తిరిగి పడుకుంది. కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెట్టే మనిషి, ఇలా కిక్కురుమనకుండా పడుకోవడం ఆయనకి మింగుడుపడలేదు. డిపోలో బండి ఆలస్యమైతే అరిచేవాణ్ణి చూశాడు, ఏడ్చేవాణ్ణి చూశాడు. ఏమీ అనకుండా బెంచీమీద కూర్చుండిపోయేవాడి బండే ఎలాగైనా పంపించాలనిపించేది. సాయంత్రానికి షరతులమీద ఒప్పుకున్నాడు. తను కూడా వస్తాడు. స్తంభం దగ్గర కాదు, అన్నిటికంటే వెనక వరసలో, తలుపు పక్కన కూర్చోవాలి. దిండు ఉండాలి. గుడగుడ వినబడిందంటే మారుమాట్లాడకుండా లేచి బయటికి రావాలి.

ఆదివారం హాల్లో కాలేజీ పిల్లలు సగానికి పైగా నిండారు. ఒక్కరూ తెరవైపు చూడ్డం లేదు. తలలన్నీ ఫోన్లలోకి వంగి ఉన్నాయి. కోచింగ్ సెంటరాయన అప్పటికే వచ్చాడు. మెడదాకా గుండీలు పెట్టుకున్న ఇస్త్రీ చొక్కా. పక్కన ఒక మనిషి, ఇద్దరి మధ్యా పొడవాటి ఇనప టేపు. బల్లలు ఎన్ని పడతాయో చూడ్డానికి నడవా కొలుస్తున్నారు. కాస్త కాళ్ళు తీస్తారా, కాస్త లేస్తారా అంటూ వరస తర్వాత వరస కుర్చీల మధ్యకి దూరుతున్నారు. పిల్లలు చిరాగ్గా కాళ్ళు ముడుచుకుంటున్నారు. దీపాలు ఆరినా ఆయన పని పూర్తికాక, గోడవారన టేపు పట్టుకుని నిలబడిపోయాడు.

సినిమా మొదలైంది. ముగ్గురూ తప్పుడు ఇంటి తలుపు తట్టారు. పొడుగువాడు మొదటి మాట అన్నాడు. అక్కడ పళ్ళత్త నవ్వాలి. ఆమె దిండు అదుముకుని ఊపిరి బిగబట్టింది. నవ్వు రాలేదు. అది రావలసిన చోట హాల్లో నిశ్శబ్దం ఏర్పడింది. ఎవరో దగ్గారు. రెండో మాట వచ్చింది, అదీ అలాగే పోయింది. లావువాడు ఔనన్నాడు, పొట్టివాడు క్షమించమన్నాడు. గోతిలో రాళ్ళు పడ్డట్టు ఒక్కొక్కటీ పడుతున్నాయి. తలుపు దగ్గర ఓనరు కూతురు చేతులు కట్టుకుని నిలబడింది. తెరని చూడ్డం లేదు, పిల్లల తలలు చూస్తోంది.

పెద్దాయన చెప్పిందే నిజం అనుకుంది పళ్ళత్త. వెలిగించేవాళ్ళు లేరు. తను ఇక్కడ దిండు పట్టుకుని కూర్చుంటే, తన కళ్ళముందే హాలు బల్లల పాలవుతోంది. కుట్లదేముంది, మళ్ళీ వేస్తారు. ఆమె ఊపిరి గట్టిగా లోపలికి తీసుకుంది. భర్త చెయ్యి వచ్చి ఆమె చేతిమీద పడింది. గట్టిగా పట్టుకోలేదు. ఉందని తెలియడానికి పెట్టినట్టు పెట్టాడు.

తెరమీద ముగ్గురూ టేపులు బయటికి తీశారు. కాస్త కాళ్ళు తీస్తారా, అన్నాడు పొట్టివాడు ఒక పెద్దమనిషితో.

మధ్య వరసలో ఒక అమ్మాయి ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఆమె తల తిప్పి గోడవార నిలబడ్డ ఆయన్ని చూసింది. పక్కవాళ్ళూ చూశారు. వరస మొత్తం చూసింది. సంగతి అర్థమయ్యి కోచింగ్ సెంటరాయన టేపు చివర వదిలేశాడు. అది జర్రుమంటూ నడవా పొడుగునా పాక్కుంటూ వచ్చి అవతలి మనిషి చేతిలో ఉన్న డబ్బాలోకి ఠక్కున దూరింది.

హాలు పగిలిపోయింది.

ఇక ఆగలేదు. బల్లల కాళ్ళకి నవ్వారు. కోటు తోకకి నవ్వారు. గడ్డాల సీనుకైతే వెనక వరసలో ఒక కుర్రాడు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. మొదట గోడవారన ఉన్నాయన్ని చూసి నవ్విన పిల్లలు ఆయన్ని ఎప్పుడో మరిచిపోయారు. ఫోన్లు ఒళ్ళోకి జారాయి. పళ్ళత్త ఒక్కొక్క చోటూ గుర్తుపెట్టుకుని వింది. సరిగ్గా తను నవ్వే చోటే నవ్వుతున్నారు. రెప్పపాటు కూడా ఆలస్యం లేదు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, ఎవరూ వెలిగించలేదు.

సంతోషం వేసింది, హాలు నిలబడ్డట్టే. దాని అడుగునే ఇంకొకటి, పంటికింద రాయిలా తగిలింది. ఇన్నేళ్ళూ తను మోస్తున్నాననుకున్న బరువు, ఎవరూ ఎత్తకుండానే నిలబడి ఉంది. జ్వరంతో వచ్చిన ఆదివారాలు గుర్తొచ్చాయి. రాకపోయినా ఏమీ అయ్యేది కాదన్నమాట. ఆమె దిండు మీద పట్టు వదులు చేసింది. నవ్వు వస్తుందన్న భయం కూడా పోయింది.

అధ్యక్షుడు ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇక్కడ తనకేమీ లేదు కనక పళ్ళత్త వెనక్కి వాలి తీరిగ్గా తెర చూసింది. అప్పుడు కనబడింది.

తెర ఎడమ చివర కిటికీ ఉంది. అక్కడ కిటికీ ఉందనే ఆమెకి తెలియదు. పొట్టివాడు దాని వెడల్పు కొలిచాడు. వచ్చి, ఆ మూలే ఒక ముసలాయన కూర్చున్న కుర్చీ వెడల్పు కొలిచాడు. సరిపోయింది. క్షమించండి అని, ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తి కిటికీలోంచి బయట పెట్టేశాడు. ముసలాయన చేతిలో ఉన్న కార్యక్రమ పత్రం చదువుకుంటూనే వెళ్ళిపోయాడు. తర్వాత ఒకావిడ. కిటికీ దాటేటప్పుడు చట్రం తగలకుండా టోపీ సరిచేసుకుంది. తర్వాత ఇద్దరు, మాట్లాడుకుంటూనే. అధ్యక్షుడు కాగితంలోంచి తలెత్తడు. ఆఖరికి ఒక మహాకాయుడు మిగిలాడు. పొట్టివాడు ఆయన్ని కొలిచాడు, కిటికీని కొలిచాడు, మళ్ళీ ఆయన్ని కొలిచాడు. కాసేపు ఆలోచించాడు. కిటికీ చట్రాన్ని గోడలోంచి పీకి, ఆయన మెడలో వేసి, చెయ్యి పట్టుకుని ఆ పక్కనే ఉన్న తలుపులోంచి నడిపించుకుపోయాడు.

హాలంతా ఊగిపోతోంది. పళ్ళత్త నోరు తెరుచుకుని చూస్తోంది. లేచిపోలేదు వాళ్ళు. ఒక్కరూ లేవలేదు. గడ్డాల సీను వేడి కాదు, పొయ్యి కాదు, గిన్నె కాదు. ఇన్నేళ్ళూ ఆ కిటికీ అక్కడే ఉంది, తన స్తంభానికి అవతల.

సీను మారింది. అధ్యక్షుడు ఖాళీ గదికి నమస్కారం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ సినిమాలో నవ్వు లేని చోటు అదొక్కటే. పిల్లలు అలిసిపోయి ఊపిరి తీసుకుంటున్నారు. హాలు సద్దుమణిగింది.

ఆ నిశ్శబ్దంలో వెనక వరసలో గుడగుడ మొదలైంది.

టైమ్‌కీపరు విన్నాడు. షరతు ప్రకారం లేవాలి. ఆయన లేవలేదు. దిండు అవతలివైపు నుంచి తన రెండు చేతులూ పెట్టి గట్టిగా అదిమాడు. అలా అదుముతున్నప్పుడు పళ్ళత్త ఆయన భుజాలు చూసింది. శబ్దం లేకుండా ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన ఎప్పటినుంచి అలా నవ్వుతున్నాడో. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మూత ఎగిరిపోయింది.

ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. చీకట్లో ఏమీ కనబడలేదు, నవ్వు ఒక్కటే వచ్చి తగిలింది. ఎందుకో తెలియకుండానే హాలు మళ్ళీ అందుకుంది. తెరమీద అధ్యక్షుడు ఏడుస్తుంటే జనం ఇలా నవ్వడం ఆ హాల్లో ఎప్పుడూ జరగలేదు.

దీపాలు వెలిగాక కోచింగ్ సెంటరాయన ఓనరు కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆమె మర్యాదగానే, ఆదివారం పొద్దున హాలు ఖాళీ లేదండీ అని చెప్పింది. ఆయన ఏదో అనబోయి, పక్కనుంచి వెళుతున్న పిల్లలు తన చేతిలో టేపు చూసి మళ్ళీ మొదలుపెట్టేలా ఉన్నారని గ్రహించి, దాన్ని సంచిలో దాచి వెళ్ళిపోయాడు.

వరండాలో బెంచీమీద పళ్ళత్తని కూర్చోబెట్టి టైమ్‌కీపరు అడిగాడు, కుట్లు ఎలా ఉన్నాయని. ఆమె దిండు తీసి, చేత్తో తడిమి చూసుకుంది.

"ఉన్నాయి లెండి. అది సరే, ఆ కిటికీ సీను ఎప్పుడు కలిపారండీ అందులో?"

ఆయనకి అర్థం కాలేదు. కలపడమేమిటి, మొదట్నుంచీ ఉంది. పెళ్ళికి ముందే తను చూశాడు. ఆ సినిమా అంటేనే కిటికీ సీను కదా అన్నాడు. పళ్ళత్త స్తంభం సంగతి చెప్పింది. చెబుతుంటే ఆయన మొహం మారుతూ వచ్చింది. భుజాలు మళ్ళీ కదలబోతుంటే దిండు మీదికి చెయ్యి పోనిచ్చాడు, ముందు జాగ్రత్తగా.

ఓనరు కూతురు టీ గ్లాసులతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూశావా అత్తా, నువ్వొచ్చావు, నవ్వారు."

"అది ఆఖర్న. ముందంతా వాళ్ళంతట వాళ్ళే," అంది పళ్ళత్త. ఆ మాట అనడం తను అనుకున్నంత కష్టంగా లేదు. "మీ నాన్న నన్ను బాగా నమ్మించాడే."

ఆ పిల్ల మొహంలో కంగారు కనబడింది. అయితే ఇంక రావా అని అడిగింది.

పళ్ళత్త టీ తాగుతూ ఆలోచించింది. పియానో సినిమాలో అందరూ ఎడమవైపు చూసి పరిగెత్తుతారు, దేన్ని చూసో తెలియదు. ఇద్దరు వంటవాళ్ళ సినిమాలో ఒకడు ఎడమకి వెళ్ళి తడిసి వస్తాడు. ఎందుకు తడిశాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. రైలు సినిమాలో ఎడమవైపు నుంచి ఒక మేక వస్తుంది. అది ఎక్కడినుంచి వచ్చింది? తను కంఠతా పట్టాననుకున్న సినిమాలన్నిటికీ ఎడమపక్క ఇంకా మిగిలే ఉంది.

"రాకపోవడమేంటే పిచ్చిదానా," అంది. "వచ్చే వారం ఏం వేస్తున్నావు? మేక సినిమా వెయ్యి. నాకు మధ్యలో కుర్చీ చూడు."

"మరి స్తంభం వెనక కుర్చీ?"

పళ్ళత్త భర్త వైపు చూసింది. టైమ్‌కీపరు గ్లాసు కింద పెట్టాడు. తప్పించుకునే దారి లేదని ఆయనకి తెలిసిపోయింది. ఆ కుర్చీలోంచి సినిమా మొత్తం కనబడదు కదా అని మాత్రం నసిగాడు.

"మీరు నవ్వినా ఎవరికీ వినబడదుగా, ఆ కుర్చీ మీకు చాలు," అంది పళ్ళత్త, దిండు చంకన పెట్టుకుని లేస్తూ. "ఎడమపక్క ఏం జరిగిందో ఇంటికెళ్ళాక నేను చెప్తాను లెండి."